గాజుల చప్పుడు లేని ఆయమ్మ

ఇంతకాలం ఈ సంగతి రాయకపోవడానికి మొదటి కారణం, నాకు అక్షరాలు రాకపోవడం. కంటి ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్ళు ఆయాగా పనిచేశాను. ఆ ఇరవై ఆరేళ్ళూ హాజరు పుస్తకంలో వేలిముద్రే వేశాను. రిటైరయ్యాక, మెట్టుగూడలో మా గల్లీ చివర కమ్యూనిటీ హాలులో పెద్దవాళ్ళకు చదువు చెబుతున్నారంటే వెళ్ళి కూర్చున్నాను. అరవై దాటిన మనిషి 'అ' దిద్దుతుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పెన్సిల్‌ను చీపురు పట్టినట్టు పట్టుకుంటున్నానని మా టీచరమ్మ నవ్వేది. రెండేళ్ళు పట్టింది, నా మనసులో మాట కాగితం మీద పెట్టడానికి.

రెండో కారణానికీ అక్షరాలకీ సంబంధం లేదు. ఇందులో నేను ఒక ముసలమ్మకు చేసిన అన్యాయం ఉంది. దాని పక్కనే, ఇవాళ్టికీ నాకు అర్థం కాని ఇంకో విషయం ఉంది. ఒకటి చెప్పాలంటే రెండోదీ చెప్పాలి. చెబితే ముసల్దానికి మతి పోయిందంటారని నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఆసుపత్రుల్లో కొత్తగా చేరుతున్న ఆడపిల్లలు పదో తరగతి, ఇంటర్ చదివినవాళ్ళు. మీరు చదువుతారని రాస్తున్నాను. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం.

అప్పుడు నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. భర్త పోయి ఆరు నెలలు. ఇద్దరు ఆడపిల్లలు, అత్తమ్మ, ఒక గది. తెలిసినవాళ్ళెవరో చెబితే లాలాగూడ వైపున్న ఆ ధర్మాసుపత్రిలో చేరాను. ఊళ్ళ నుంచి క్యాంపు బస్సులో ముసలివాళ్ళను తీసుకొచ్చి శుక్లాలు తీసి పంపేవారు. ఇప్పుడు పొద్దున ఆపరేషన్ చేసి సాయంత్రానికి ఇంటికి పంపుతున్నారట. అప్పుడు నాలుగైదు రోజులు ఉంచేవారు. ఒక కంటికి కట్టు, రెండో కంట్లో ముదిరిన పొర. అంటే వార్డులో ఇరవై మంది ఆడవాళ్ళుంటే, ఇరవై మందికీ చీకటే.

మొదటి రోజే పెద్ద ఆయమ్మ నా చేతులు చూసి కళ్ళు పెద్దవి చేసింది. ఆమె అక్కడ మా అందరికంటే ముందునుంచి ఉన్న మనిషి. నోట్లో ఎప్పుడూ వక్కపలుకు.

"గాజులేవే?"

"మా ఆయన పోయిండు అక్కా."

"నా మొగుడు పోయి పన్నెండేండ్లాయె. ఇంట్ల నేను సుత బోడి చేతులదాన్నే. ఈడికి వస్తె ఆయమ్మను." తన చేతులు ఊపి చూపించింది. రెండు చేతులకీ ఎర్రటి మట్టిగాజులు గలగలమన్నాయి. "ఈ వార్డుల గాజులు లేకుంట అడుగు పెట్టకు. కండ్లు కనవడనోళ్ళకు మనం సప్పుడు జేస్తెనే మనుషులం. లేకుంటె దయ్యాలం."

ఆ ఆసుపత్రిలో అది కాగితం మీద లేని నియమం. గాజులు మోగాలి. ముట్టుకునే ముందు "అమ్మా, చెయ్యి పడుతున్న" అని చెప్పాలి. చెప్పకుండా ముట్టుకుంటే వాళ్ళు ఉలిక్కిపడతారు. ఉలిక్కిపడితే కొత్తగా కుట్టిన కంటికి మంచిది కాదు.

మర్నాటి నుంచి ఆరు గాజులు టిఫిన్ డబ్బాలో, గుడ్డ కింద పెట్టుకుని వచ్చేదాన్ని. వార్డు గుమ్మం దగ్గర వేసుకునేదాన్ని, డ్యూటీ దిగేముందు తీసి డబ్బాలో వేసేదాన్ని. మా గల్లీలో ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అని భయం. మొగుడి ఏడాది మాసికం కాలేదు, గాజులు వేసుకుని తిరుగుతోందంటారు. అత్తమ్మకు తెలిస్తే ఇంకేమన్నా ఉందా?

చేరిన మూడో నెలలో మొదలైంది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక, ఒంటిగంటన్నర నుంచి మూడు దాకా వార్డు నిద్రపోయేది. ఆకుపచ్చ కర్టెన్లు వేసేవాళ్ళం. ఫినాయిల్ వాసన, ఫ్యాన్ల చప్పుడు. ఇరవై మంది వెల్లకిలా, కదలకుండా, ముఖాల మీద తెల్ల కట్లతో వరసగా పడుకుని ఉంటారు. అలవాటు లేనివాళ్ళు తలుపు తీస్తే గుండె ఆగినంత పనయ్యేది. ఆ వేళ నాకు కింద ఆపరేషన్ గది దగ్గర పని. తలుపు దగ్గర స్టూలు మీద పెద్ద ఆయమ్మ కునికిపాట్లు పడుతూ ఉండేది.

ఒకరోజు మూడింటికి పైకి వచ్చి టీ ఇస్తుంటే ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు గాదు," అంది. "ఇందాక నీళ్ళిచ్చిన ఆయమ్మ యాడికి పొయింది?"

"ఏ ఆయమ్మ?"

"గాజుల సప్పుడు లేదు ఆమెకు. మాట్లాడది సుత. నాకు దూపైతుందని ఎట్ల తెల్సెనో, గిలాస తెచ్చి చేతుల పెట్టింది."

పక్క మంచం మీదావిడ అందుకుంది. "నాకు ఫ్యాను గాలికి కాళ్ళు సల్లవడ్డయి. చెద్దరు కప్పి పొయింది. జెర చెప్పు బిడ్డా ఆమెకు, దేవుడు సల్లగ సూస్తడని."

పెద్ద ఆయమ్మను అడిగితే నవ్వింది. "నేనైతె స్టూలు మీదికెల్లి లేవలె. ముసలోళ్ళకు కలలొస్తయి లే."

కలలు ఇరవై మందికీ ఒకేలా రావు గదా. రోజూ ఎవరో ఒకరు చెప్పేవారు. గాజుల చప్పుడు లేని ఆయమ్మ వచ్చింది, చెంప మీద కారిన నీరు తుడిచింది, దిండు తిప్పింది. ఈ వారం వాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోయి కొత్త బస్సు వచ్చినా, ఆ కొత్తవాళ్ళూ అదే మాట. వీళ్ళకు వాళ్ళు చెప్పి వెళ్ళే వీలే లేదు.

ఇంకోటి నేనే కళ్ళారా చూశాను. చెప్పులు. ఎవరైనా చెప్పులు విప్పి మంచమెక్కితే వాటి ముందువైపు మంచం కిందికి తిరిగి ఉంటుంది. కళ్ళు కనిపించని మనిషి దిగేటప్పుడు కాళ్ళతో తడుముకోవాలి, తడుముతూ తూలిపడాలి. రోజూ మూడింటికి నేను వచ్చేసరికి ఇరవై జతలూ ముందువైపు బయటికి తిరిగి, జతగా ఉండేవి. కాళ్ళు కిందికి దించితే నేరుగా చెప్పుల్లోకే వెళ్ళేలా. ఆ పని మాకెవరూ నేర్పలేదు. మాకు తోచనూ లేదు. మొదటిసారి ఆ వరస చూసినప్పుడు, ఇరవై మంది కనపడని మనుషులు మంచాల మీద కూర్చుని లేవబోతున్నట్టు అనిపించి వెనక్కి అడుగు వేశాను.

మేం దాని గురించి పెద్దగా మాట్లాడలేదు. మంచే జరుగుతోంది కదా, ఎవరైతేనేం అనుకున్నాం. అంతలో కట్టు సంగతి వచ్చింది.

వార్డు సిస్టర్‌ది కోస్తా వైపు. మంచిదే కానీ నియమం తప్పితే నిప్పు. ఒకరోజు చుక్కలు వేయడానికి వచ్చి ఒకావిడ కట్టు దగ్గర ఆగిపోయింది. ప్లాస్టరు ఊడితే ఎవరో మళ్ళీ అతికించారు. వంకరగా, కానీ చాలా జాగ్రత్తగా.

"ఎవరమ్మా ఇది ముట్టుకుంది?"

మా అందరి వంకా చూసి, నా వైపు తిరిగింది.

"చేతులకున్న మురికి లోపలికెళ్తే కన్ను పోతుంది. తెలుసా మీకు? నీళ్ళిచ్చారు, దుప్పటి కప్పారంటే ఊరుకున్నాను. గాజుల్లేకుండా తిరిగేది నువ్వేనని అందరూ అంటున్నారు. నువ్వే కదూ ఇంటి నుంచి బోడి చేతులతో వచ్చేది?"

"ఆ టైముల నేను కిందున్న సిస్టర్."

"అయితే ఎవరో నాకు చెప్పు. శనివారం లోపు తేలకపోతే నువ్వు పనికి రానక్కర్లేదు."

ఆ కంటికి ఏమీ కాలేదు, మర్నాడు డాక్టరుగారు విప్పి చూసి బాగుందన్నారు. అయినా సిస్టర్ మాట మాటే. ఇంటికెళ్ళి పిల్లల ముఖాలు చూసి, నా పళ్ళెంలో అన్నం వాళ్ళకే పెట్టేశాను.

కిటికీ పక్క మంచం మీద ఒక పెద్దమ్మ ఉండేది. సిద్దిపేట అవతల పల్లె ఆమెది. ఒక కన్ను ఎప్పుడో పోయింది. ఉన్న ఒక్క కంటిలో పొర బాగా ముదిరింది. షుగర్ ఎక్కువుందని ఆపరేషన్ వాయిదా మీద వాయిదా వేస్తూ మూడు వారాలుగా ఉంచారు. ఇంకా ఆలస్యమైతే లోపల పొర పగిలి ఆ కన్నూ పోతుందని డాక్టరుగారు అనడం విన్నాను. ఆమె చేతులకు గాజుల్లేవు, నాలాగే. గోడ తడుముకుంటూ వార్డంతా ఒక్కతే తిరగగలిగేది. మాటకారి. చెవులు మరీ చురుకు.

ఆ శుక్రవారం సాయంత్రం నేను గాజులు తీసి డబ్బాలో వేస్తుంటే, అందరికీ వినపడేలా నవ్వుతూ అంది. "ఏం బిడ్డా, గాజులు డబ్బల పండవెడ్తున్నవా? రోజు ఆ సప్పుడు ఇంట గద నేను. ఇంటికి బోడి చేతులు, ఈడ ముత్తైదువ. మంచిగున్నది నీ యవ్వారం!"

వార్డంతా నవ్వింది. పెద్ద ఆయమ్మా నవ్వింది. హాస్యానికే అంది, ఇప్పుడు నాకు తెలుసు. ఆ రోజు మాత్రం చెవుల్లోంచి ఆవిరొచ్చినట్టయింది. తిన్నగా సిస్టర్ గదికి వెళ్ళి, "కిటికీ పక్క పెద్దమ్మే తిరుగుతుంది. నేను సూసిన" అన్నాను.

చూడలేదు. ఆమె అయ్యుండొచ్చని నిజంగానే అనుమానం ఉంది. కానీ నా చేత 'చూశాను' అనిపించింది ఆ అనుమానం కాదు, ఆ నవ్వు.

శనివారం పొద్దున సిస్టర్ ఆమెను క్యాంపు బస్సులో ఇంటికి పంపించేసింది. షుగర్ తగ్గాక మళ్ళీ రమ్మంది. మళ్ళీ అంటే ఎప్పుడో, ఎవరు తీసుకొస్తారో. బస్సు దాకా చెయ్యి పట్టుకుని నడిపించాల్సిన పని నాకే పడింది. మెట్లు దిగుతూ పెద్దమ్మ మెల్లగా అంది.

"నేను గాదు బిడ్డా. నాకు సుత నీళ్ళిచ్చింది ఆమె. నా చెప్పులు సుత మలిపి పెట్టింది. నేనేమొ నువ్వే అనుకున్న. గాజులు తీసేసి, ఎవ్వరికి తెల్వకుంట చేస్తున్నవనుకున్న. గందుకే గట్ల పరాచికమాడిన."

సీట్లో కూర్చోబెట్టి దిగిపోయాను. బస్సు వెళ్ళిపోయింది.

సోమవారం మూడింటికి టీ కెటిల్‌తో పైకి వచ్చాను. మొదటి మంచం ఆవిడ చెయ్యి చాపింది. "గాజుల సప్పుడు లేని ఆయమ్మ ఇప్పుడే పొయింది. ఆమెకు సుత చాయ్ ఇయ్యరాదు?" వంగి చూశాను. చెప్పులన్నీ బయటికి తిరిగి ఉన్నాయి. కిటికీ పక్క మంచం ఖాళీ. దాని కింద చెప్పులు లేవు, కానీ చెప్పులు పెట్టే చోట నేల రెండు పాదాల మేర తడిగా తుడిచి ఉంది.

కెటిల్ కింద పెట్టేశాను. చెయ్యి కాలినా తెలియలేదు.

మంగళవారం కూడా అంతే. బుధవారం మధ్యాహ్నం కింద పని ఇంకొకరికి అప్పగించి పెద్ద ఆయమ్మతో చెప్పాను. "ఆ ఖాళీ మంచం మీద పండుకుంట. రెండు కండ్లకు కట్టు కట్టు. ఆమె వస్తె చెయ్యి పట్టుకుంట."

"ఏం పరేషాన్ చేస్తున్నవే! పట్టుకున్నంక ఏం జేస్తవ్?"

"ఎవలో అడుగుత."

"ఆమె చెప్తదా, నీ సుట్టం లెక్క!" అంటూనే కట్టు కట్టింది. గాజులు తీసి దిండు కింద పెట్టుకున్నాను. పాదాలు తుడుచుకుని మంచమెక్కాను. ఇది గుర్తు పెట్టుకోండి. నా అరికాళ్ళు పొడిగా ఉన్నాయి. అప్పుడే నేల తుడిచి వెళ్ళారు, నేల తడిగా ఉంది.

పక్కనున్న రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగింది. కాసేపటికి కరెంటు పోయింది. ఫ్యాన్లు ఒక్కొక్కటీ నెమ్మదించి ఆగాయి. వార్డులో అందరి ఊపిరీ వినిపిస్తోంది. ఎక్కడో కుళాయి చుక్క. అంత నిశ్శబ్దంలో ఎవరు నడిచినా వినిపించాలి.

ఏమీ వినిపించలేదు. నా పాదాల మీదికి దుప్పటి అంచు జరిగింది.

చెవి పక్కన చెమటను ఒక మెత్తటి గుడ్డ అద్దింది. పట్టుకోవాలి, ఇప్పుడే పట్టుకోవాలి అనుకున్నాను. ఆ చెయ్యి నా మణికట్టు మీదికి వచ్చింది. గాజులు తీసిన చోట వత్తుకుపోయిన గీతలుంటాయి. బొటనవేలు ఆ గీతల మీద మెల్లగా రాసింది, నూనె రాసినట్టు. చల్లగా లేదు, వెచ్చగా లేదు. ఫినాయిల్‌కు పగిలిన అరచెయ్యి, నాదిలాగే గరుకుగా ఉంది. మా ఆయన పోయిన తొమ్మిది నెలలుగా నన్నెవరూ అలా ముట్టుకోలేదు. నా చెయ్యి తీసుకుని, అందులో గ్లాసు పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటీ దాని చుట్టూ ముడిచింది. దాహమవుతోందని అప్పుడు తెలిసింది నాకు. తాగేశాను.

తాగాక పట్టుకోవాలన్న సంగతి గుర్తొచ్చింది. చెయ్యి చాపాను. గాలి. కట్టు లాగేశాను.

ఎవరూ లేరు. పెద్ద ఆయమ్మ స్టూలు మీద మెలకువగానే కూర్చుని నన్నే చూస్తోంది. వక్క నమలడం ఆపేసింది.

"ఎవలొచ్చిన్రు అక్కా?"

"ఎవలొచ్చుడేందే? నువ్వే లేస్తివి గద."

"నేను లేవలె."

"కండ్లకు కట్టుతోనే లేస్తివి. ఒక్కొక్క మంచం కాడికి పోతివి. చెప్పులు మలిపితివి, నీళ్ళిస్తివి. గోడకు సుత తగల్లేదు. పరీక్ష చేస్తున్నవనుకొని ఊకున్న నేను." స్టూలు వెనక్కి జరుపుకుని, "జోక్ చేయకే, భయమైతుంది" అంది.

జోకులాడేది ఆమే ఎప్పుడూ. ఆ రోజు ఆడిందో లేదో, ఆమె చనిపోయేదాకా ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు, 'నువ్వే లేస్తివి' అని. నేను కాళ్ళు పైకెత్తి చూసుకున్నాను. రెండు అరికాళ్ళూ తడిగా ఉన్నాయి.

ఇంతకు ముందు రోజుల్లో ఆ వేళకు నేను కిందే ఉన్నాను. చూసినవాళ్ళున్నారు. మరి ఇది? నాకు తెలియదు. చాలా ఏళ్ళు ఆలోచించి, ఇక ఆలోచించడం మానేశాను. ఒక్కటే ఖాయంగా తేలింది, ఆ పెద్దమ్మ కాదు.

సాయంత్రం సిస్టర్ గదికి వెళ్ళాను.

"సిస్టర్, ఆ పెద్దమ్మ గాదు. నేను సూసిన అని అబద్ధం చెప్పిన. ఆ పని నాదే గావచ్చు."

"కావచ్చేంటమ్మా? చేశావా, లేదా?"

"తెల్వదు సిస్టర్. ఆమె మాత్రం గాదు. ఆమె కన్ను పోతె నాదే పాపం."

సిస్టర్ నా చేతుల వంక చూసింది. నేను గాజులు వేసుకోవడం మరిచిపోయాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "రేపు క్యాంపు బస్సు అటు వైపే వెళ్తుంది. నువ్వు కూడా వెళ్ళి ఆవిడని తీసుకురా. షుగర్ సంగతి నేను డాక్టరుగారితో మాట్లాడతాను. ఆవిడ రానంటే మాత్రం నువ్వూ రాకు" అంది.

పెద్దమ్మ కన్ను దక్కిందని ఇక్కడే చెప్పేస్తున్నాను, మీకు ఆ బెంగ లేకుండా. నా ఉద్యోగమూ మిగిలింది. ఆ ఆసుపత్రిలో ఇప్పటికీ ఆయాలు చెప్పులు బయటికి తిప్పి పెడతారు. ఎవరు మొదలుపెట్టారంటే నా పేరే చెబుతారట. ఆ మాట విన్నప్పుడల్లా మణికట్టు తడుముకుంటాను. చేసింది నేను కాదని చెప్పలేను, నేనేనని అసలే చెప్పలేను.

సిస్టర్‌తో మాట్లాడిన మర్నాడు పొద్దున అద్దం ముందు నిలబడి, మొదటిసారి ఇంట్లోనే ఆరు గాజులూ వేసుకున్నాను. అత్తమ్మ చూసింది.

"ఎవలి కోసమే గా గాజులు?"

"కండ్లు కనవడనోళ్ళ కోసం అత్తమ్మా."

ఆమె ముఖం తిప్పుకుంది. గల్లీలో నడుస్తుంటే గాజులు మోగాయి. ఎవరు చూశారో నేను చూడలేదు.

క్యాంపు బస్సు పల్లె చేరేసరికి ఎండ ఎక్కింది. పెద్దమ్మ చూరు కింద మంచం మీద ఒక్కతే కూర్చుని ఉంది. కోడలు పొలానికి వెళ్ళిందట. దారంతా క్షమాపణ మాటలు కూడబలుక్కుంటూ వచ్చాను. ఆమె ఉలిక్కిపడకూడదని దూరం నుంచే చేతులు ఊపాను. గాజులు గలగలమన్నాయి.

ఆమె ముఖం నా వైపు తిరిగింది. ఆశ్చర్యమేమీ లేదు.

"ఏం బిడ్డా, ఇయ్యాళ సప్పుడు జేసుకుంట వచ్చినవ్?" అంది. "రోజు సప్పుడు లేకుంట వచ్చి పోతుంటివి గద."

బస్సు హారన్ కొట్టింది. పెద్దమ్మ కాళ్ళు మంచం మీంచి కిందికి దించింది. తడుముకోలేదు. కాళ్ళు నేరుగా చెప్పుల్లోకి వెళ్ళాయి. చెప్పులు ముందువైపు బయటికి తిరిగి, జతగా ఉన్నాయి. వాటి చుట్టూ మట్టి నేల మీద, తడి ఇంకా ఆరలేదు.

"చెయ్యి పడుతున్న పెద్దమ్మా," అని చెప్పి, ఆమె చెయ్యి పట్టుకుని బస్సు వైపు నడిపించాను.